ఆకుల మీద తెల్ల గీతలు: తుంచడమా, వేప నూనె కొట్టడమా?

ఎండలు మొదలైన దగ్గర్నుంచి మిద్దె తోట పెంచేవాళ్లు నన్ను అడుగుతున్నది ఒకటే. టమాటా, బీర ఆకుల మీద ముగ్గేసినట్టు తెల్లటి వంకర గీతలు వస్తున్నాయి, ఆకులు తుంచెయ్యాలా, వేప నూనె కొట్టాలా, ఇంకేదైనా గట్టి మందు తేవాలా అని.

ఇది లిరియోమైజా ట్రైఫోలి అనే చిన్న ఈగ పని. అమెరికా వైపు నుంచి వచ్చి 1990ల మొదట్లో మన దేశంలో కనబడింది. చామంతి, ఆముదం, బొబ్బర్లు, దోస, ఇలా చాలా మొక్కల మీద పడుతుంది. (నిమ్మ ఆకుల్లో గీతలు దీనివి కావు. అది వేరే పురుగు.)

నా లెక్కలో అసలు చూడాల్సింది, ఈ ఈగ గుడ్డులోంచి పుట్టి ఆకును లోపల్నుంచి తినే పురుగు ఇంకా ఆకులో ఉందా, వెళ్లిపోయిందా అన్నది. ఆకును వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. గీత సన్నగా మొదలై, పురుగు ఎదిగేకొద్దీ వెడల్పవుతుంది. వెడల్పు కొసన పసుపుపచ్చ పురుగు ఉంటే అది ఇంకా తింటోంది, ఆ ఆకు తుంచండి. కొసన చిన్న చీలిక ఉండి లోపల ఖాళీ అయితే అది ఎప్పుడో బయటపడి మట్టిలో గూడు కట్టుకుంది. అప్పుడు తుంచితే నష్టం మొక్కకే. మొదటి ఏడాది నేను ఇది తెలియక బీర తీగను దాదాపు బోడి చేశాను. రెండు మూడు వారాలకు కొత్త చిగుళ్ల నిండా మళ్లీ గీతలే!

వేప నూనె చెడ్డదేం కాదు. లీటరు నీటికి 5 మి.లీ., కాస్త సబ్బు కలిపి సాయంత్రం కొడితే కొత్త ఆకుల మీద ఈగ గుడ్లు పెట్టడం తగ్గుతుంది. కానీ ఇప్పటికే లోపలున్న పురుగు మీద దాని పని అంతంతమాత్రమే.

గట్టి మందులంటారా, వద్దంటాను. ఆకు రెండు పొరల మధ్య దాక్కున్న పురుగుకు చాలా మందులు అందవు. పైగా ఆ పురుగుల మీద గుడ్లు పెట్టి వాటిని చంపే బుల్లి కందిరీగలు చచ్చిపోతాయి. పైరిథ్రాయిడ్లు (ఈ గట్టి మందుల్లో ఒక రకం) మళ్లీ మళ్లీ కొట్టిన చోట ఈ ఈగ ఇంకా పెరుగుతుంది.

పసుపు జిగురు అట్టలు పెట్టుకోవచ్చు. ఈగ వచ్చిందని తెలుస్తుంది, అంతే.

మొక్కను బట్టి కూడా చూడాలి. బాగా ఎదిగిన టమాటాకు నాలుగు ఆకుల్లో గీతలున్నా కాపు తగ్గదు, వదిలెయ్యండి. పాలకూరలో తినేదే ఆకు కాబట్టి అక్కడ ఉపేక్షించకూడదు. దోస, సొర మొలకల రెండాకులైతే రోజూ చూడాల్సిందే.

తుంచినవి కుండీ పక్కన పడెయ్యకండి, కంపోస్టులోనూ వెయ్యకండి. కవర్లో మూట కట్టి నాలుగు రోజులు ఎండలో పెట్టి, ఆ తర్వాత పారెయ్యండి.