మాదాపూర్ న్యూరోఫీడ్‌బ్యాక్ సెంటర్: చేతిపని భేష్, ప్యాకేజీతోనే పేచీ

న్యూరోఫీడ్‌బ్యాక్ అంటే మెదడు తరంగాలను కొలిచి, తెరపై సంకేతాలతో వాటిని మార్చుకోవడం నేర్పే శిక్షణ. ఇక్కడ తలకు ఎలక్ట్రోడ్లు పెట్టే పని శ్రద్ధగా చేస్తారు. నడినెత్తిన సీజెడ్ అనే పాయింట్‌ను టేపుతో కొలిచి, చర్మాన్ని జెల్‌తో రుద్ది, పేస్టు పెట్టి, చెవులకు క్లిప్పులు తగిలిస్తారు. ఇంపీడెన్స్ (చర్మానికీ ఎలక్ట్రోడ్‌కూ మధ్య విద్యుత్ నిరోధం) 5 కిలోఓమ్‌ల లోపుకు వచ్చాకే సెషన్ మొదలు. తలకు కొబ్బరినూనెతో వెళ్తే అది దిగదు. ముందురోజే తలస్నానం చేయండి. 12–15 హెర్ట్జ్ మెదడు తరంగాలు పెరిగితేనే తెరపై వీడియో వెలుగుతుంది. పళ్లు బిగిస్తే దవడ కండరాల సిగ్నల్ కూడా ఆ లెక్కలో కలిసి దొంగ మార్కులు పడతాయి. టెక్నీషియన్ అది కనిపెట్టి ఆపుతారు, మెచ్చుకోవాల్సిందే.

40 సెషన్ల ప్యాకేజీ దగ్గరే చిక్కు. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం సమస్య), మైగ్రేన్, నిద్రలేమి, అన్నిటికీ ఇదేనంటారు! 2021లో వెలువడిన డబుల్ బ్లైండ్ ట్రయల్‌లో (ఎవరికి అసలుది, ఎవరికి ఉత్తుత్తిది ఇస్తున్నారో పిల్లలకూ, పరీక్షించేవారికీ తెలియని పరీక్షలో) ఏడీహెచ్‌డీ పిల్లలకు ఉత్తుత్తి ఫీడ్‌బ్యాక్ కన్నా ఇది మెరుగని తేలలేదు. ముందు 10 సెషన్లకే కట్టండి. డాక్టర్ చెప్పకుండా మందులు ఆపొద్దు.