కోట్ చేయాలా, సొంత మాటల్లో రాయాలా? ప్రాజెక్టు రిపోర్టులో ఏది మేలు?

ప్రాజెక్టు రిపోర్టో, థీసిస్సో రాసేటప్పుడు వేరేవాళ్ళ విషయాన్ని వాడుకోక తప్పదు. అందుకు మూడు దారులున్నాయి. కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నదున్నట్టు పెట్టడం ఒకటి. చదివి, అర్థం చేసుకుని, సొంత మాటల్లో చెప్పి ఆధారం చూపడం రెండోది. పుస్తకం పక్కన తెరిచిపెట్టుకుని అక్కడో మాట ఇక్కడో మాట మార్చుకుంటూ పోవడం మూడోది. పిల్లలు తెలియకుండానే వెళ్ళిపోయే దారి ఈ మూడోదే, అన్నిటికంటే అధ్వానమైనదీ ఇదే.

ఉదాహరణ కోసం ఒక వాక్యం నేనే కల్పిస్తాను. ఫలానా పుస్తకంలో ఇలా ఉందనుకోండి: ‘కాకతీయుల కాలంలో చెరువు తవ్వించడం పుణ్యకార్యం మాత్రమే కాదు, కొత్త భూములను సాగులోకి తెచ్చి పన్ను రాబడి పెంచుకునే మార్గం కూడా.’

దాన్ని ఇలా రాసేవాళ్ళుంటారు: ‘కాకతీయ యుగంలో తటాకాలు తవ్వించడం పుణ్యం కోసమే కాదు, కొత్త పొలాలను సేద్యంలోకి తెచ్చి శిస్తు ఆదాయం పెంచుకునే దారి కూడా.’ చెరువు తటాకమైంది, సాగు సేద్యమైంది. వాక్యం నడక, ఆలోచన వరస అన్నీ అవతలివాళ్ళవే. చివర పుస్తకం పేరు వేసినా లాభం లేదు. విషయం వాళ్ళది, వాక్యం మాత్రం మీది అని చదివేవాళ్ళు నమ్ముతారు కదా!

ఇప్పుడు పుస్తకం మూసేసి రాస్తే ఇలా వస్తుంది: ‘చెరువుల వెనుక భక్తే కాదు, ఖజానా లెక్క కూడా ఉందని ఫలానా రచయిత వాదన. నీళ్ళొస్తే బీడు సాగవుతుంది, సాగయితే శిస్తు వస్తుంది.’ దీనికి కొటేషన్ గుర్తులు అక్కర్లేదు, ఆధారం మాత్రం తప్పనిసరి. రిపోర్టులో ఎక్కువ భాగం ఇలాగే ఉండాలని నా అభిప్రాయం. విషయం మీకు అర్థమైందో లేదో గైడ్‌కి తెలిసేది ఇక్కడే. పేజీ నిండా కోట్లే ఉంటే ‘ఇంతకీ నువ్వేమంటావయ్యా?’ అని వైవాలో అడుగుతారు.

అయితే సొంత మాటలు పనికిరాని చోట్లూ ఉన్నాయి. పద్యం, శాసనం పాఠం, చట్టం, ఇంటర్వ్యూలో ఒకరు అన్న మాట, మీరు ఖండించబోయే వాదన లాంటివి ఉన్నదున్నట్టే ఇవ్వాలి. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టాన్నే తీసుకోండి. 13వ షెడ్యూల్లో కడప ఉక్కు కర్మాగారం గురించి ఉన్నది, దాన్ని ఏర్పాటు చేసే సాధ్యాసాధ్యాలను ఆరు నెలల్లోగా పరిశీలించాలని. సొంత మాటల్లో చెప్పబోయి ‘కడపలో ఉక్కు కర్మాగారం పెట్టాలని చట్టంలో ఉంది’ అని రాశారా, అర్థమే మారిపోయింది. వాదనంతా ఆ ‘పరిశీలించాలి’ అన్న మాట మీదే ఉన్నప్పుడు దాన్ని కోట్ చేయడమే మేలు.

ఇక దేనికి ఆధారం అక్కర్లేదు? ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబర్ 1న ఏర్పడిందన్నది అందరికీ తెలిసిన సంగతి, దానికి ఫుట్‌నోట్ వేయనక్కర్లేదు. రాజధాని కర్నూలుకే ఎందుకు వెళ్ళిందో ఒక చరిత్రకారుడు చేసిన విశ్లేషణ వాడుకుంటే మాత్రం వేయాల్సిందే. అంకెలకైతే అనుమానమే వద్దు, ఆధారం చూపండి. 2011 జనగణనలో దేశ అక్షరాస్యత తాత్కాలిక లెక్కల్లో 74.04 శాతం, తుది లెక్కల్లో 72.99 శాతం. ఏది ఎక్కడినుంచి తీసుకున్నారో చెప్పకపోతే మీ అంకె తప్పని పరీక్షకుడు అనుకున్నా అనుకుంటాడు.

ఇంత చెప్పినా చాలామందికి అసలు టెన్షన్ సిమిలారిటీ రిపోర్ట్ గురించే, అంటే మీరు రాసినదాంట్లో ఎంత శాతం వేరేచోట ఉన్న మాటలతో కలుస్తోందో సాఫ్ట్‌వేర్ చూపే లెక్క గురించే. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సరిదిద్ది ఇవ్వాలి. 40 నుంచి 60 మధ్య అయితే ఏడాదిపాటు సవరించిన ప్రతి ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఈ భయంతోనే కోట్ చేయాల్సిన వాటిని కూడా మాటలు మార్చి రాస్తుంటారు. కానీ ఆధారం చూపించి కోట్ చేసిన భాగాన్ని, గ్రంథసూచిని ఆ లెక్కలోంచి మినహాయించాలని అవే నిబంధనలు చెబుతున్నాయి. రిపోర్ట్ తీసేటప్పుడు ఆ మినహాయింపులు పెట్టారో లేదో లైబ్రరీలో అడిగి చూసుకోండి. అలాగని 9 శాతం వచ్చింది కాబట్టి గండం గడిచిందనుకోవడమూ పొరపాటే. సాఫ్ట్‌వేర్ చూసేది మాటల పోలికను. ఆలోచన ఎవరిదో దానికేం తెలుస్తుంది?

తెలుగులో రాసేవాళ్ళకు ఇంకో చిక్కుంది. ఇంగ్లీషు పుస్తకంలోని పేరాను తెలుగు చేసి పెట్టుకుంటే సిమిలారిటీ రిపోర్ట్‌లో పోలిక సున్నా అని రావచ్చు. మాటలన్నీ మీవే, నిజమే. వాదన, ఉదాహరణలు, వాటిని పేర్చిన వరస మాత్రం మూలరచయితవి. దగ్గరగా అనువదించిన భాగాన్ని కోట్‌లాగే చూడాలి. కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, ఇంగ్లీషు పుస్తకం పేజీ నంబరు ఇచ్చి, పక్కన ‘అనువాదం నాది’ అని రాయండి.