మరీన్ సిపాయిలు: కోట యూనిఫామా, అడవి వేషమా?

18వ శతాబ్దపు కెనడాలోని ఫ్రెంచి వలస దళం ‘కొంపాన్యీ ఫ్రాంష్ ద లా మరీన్’ సిపాయిల్ని 28 మి.మీ. ఎత్తు బుల్లి బొమ్మల్లో రంగులేసి దింపాలంటే రెండు దారులు.

కెనడా తూర్పు తీరంలోని ఫ్రెంచి కోట లూయిస్‌బర్గ్ కాపలాకు పూర్తి యూనిఫాం: బూడిద తెలుపు కోటు, నీలం కఫ్‌లు, లోపల నీలం వెయిస్ట్‌కోట్. దళమంతా ఒకే తీరు కాబట్టి పని త్వరగా తెములుతుంది. తళతళలాడే తెలుపు మాత్రం వేయకండి. లేత బూడిద రంగు పూసి, ఆరాక మడతల అంచులకే తెలుపు తాకించండి. ఉన్ని గుడ్డ కళ వచ్చేస్తుంది.

1755 జూలై 9 నాటి మొనాంగహేలా పోరు (బ్రిటిష్ సేనను ఫ్రెంచివాళ్లు అడవిలో ఓడించిన యుద్ధం) కైతే నా ఓటు అడవి వేషానికే. అడవి దండయాత్రల్లో వాళ్లు బరువైన కోటు పక్కనపెట్టి చొక్కా, కాళ్లకు గుడ్డ తొడుగులు, మొకాసిన్లతో (మెత్తటి తోలు చెప్పులు) నడిచేవారు. ఒక్కో బొమ్మకీ వేరే రంగులు, రెట్టింపు ఓపిక కావాలి. కొందరికి నీలం వెయిస్ట్‌కోట్ ఉంచండి, మిలీషియాలో (స్థానిక పౌర సైన్యంలో) కలిసిపోరు.