వేసవిలో కారు ఏసీ: గ్యాస్ నింపించే ముందు ఫ్యాన్ చూడండి

మాది 2015 మోడల్ చిన్న పెట్రోలు కారు. ఉండేది విజయవాడలో, పని గుంటూరులో. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ మాకు కొత్త కాదు కాబట్టి ఈ కారులో ఇంజన్ కన్నా ఏసీనే ఎక్కువ గమనించాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఏసీ గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెసర్ గట్టిది, ఇప్పటికీ మొదటిదే నడుస్తోంది. వేసవిలో మొరాయించేవన్నీ దాని చుట్టూ ఉన్న చిన్న భాగాలే.

మొదటి కొన్నేళ్లు ఏ ఇబ్బందీ లేదు. తర్వాత ఒక వేసవిలో హైవే మీద చల్లగానే ఉండి, బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగగానే గాలి వేడెక్కడం మొదలైంది. ఎక్కడ చూపించినా ఒకటే మాట, "గ్యాస్ అయిపోయింది సార్, నింపేద్దాం" అని. గేజి పెట్టి గ్యాస్ పీడనం చూసినవారు లేరు. ఈ మాట వింటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లోనే తిరుగుతుంటుంది. బాగా తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. కారే చోట కంప్రెసర్ ఆయిల్ కూడా కొద్దిగా బయటికి వచ్చి, గొట్టాల అతుకుల దగ్గర దుమ్ము పట్టిన జిడ్డు మరక కనిపిస్తుంది. మా బండిలో అలాంటి మరకే లేదు.

నడిస్తే చల్లన, ఆగితే వేడి అంటే ముందుగా అనుమానించాల్సింది కండెన్సర్‌కు అందే గాలిని. రేడియేటర్ ముందుండే ఆ పలకే లోపలి వేడిని బయటికి వదలాలి. బండి పరుగులో ఉంటే ఎదురుగాలి సాయపడుతుంది, ఆగితే ఫ్యానే దిక్కు. వేడి పోకపోతే గ్యాస్ పీడనం పెరిగిపోతుంది, హద్దు దాటితే కంప్రెసర్ ఆగిపోతుంది. దీన్ని తేల్చడానికి ఒక మెకానిక్ చెంబెడు నీళ్లు అడిగాడు. ఏసీ నడుస్తుండగా ముందు జాలీ గుండా కండెన్సర్ మీద మెల్లగా పోశాడు. మధ్య వెంటులో పెట్టిన థర్మామీటరు చూస్తుండగానే 19 నుంచి 11కి దిగింది. ఫ్యాన్ తిరుగుతోంది, కానీ నీరసంగా. మోటారు బ్రష్‌లు అరిగాయి. కండెన్సర్ రేకుల మధ్య ఎర్రమట్టి, పురుగులు, గుంటూరు రోడ్ల మీద పత్తి లారీల నుంచి ఎగిరే నూగు దట్టంగా పేరుకున్నాయి. ఫ్యాన్ మోటారు మార్చి, తక్కువ ఒత్తిడి నీళ్లతో కడిగితే సిగ్నళ్ల దగ్గర కూడా చల్లదనం నిలిచింది. ఎక్కువ ఒత్తిడితో కడిగితే రేకులు వంగిపోతాయి, జాగ్రత్త. ఫ్యాన్ ఉన్నట్టుండి తిరగవచ్చు కాబట్టి ఇంజన్ నడుస్తుండగా అటు చేయి పెట్టవద్దు.

ఇంకో లోపం కంపెనీ నుంచే వచ్చింది. మా మోడల్‌లో క్యాబిన్ ఫిల్టర్ పెట్టే చోటు ఉంది, ఫిల్టర్ లేదు! దుమ్మంతా నేరుగా, క్యాబిన్ గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్ మీదే పడింది. బ్లోయర్ నాలుగులో పెట్టినా గాలి రెండులో వచ్చినట్టు ఉండేది. కాయిల్ శుభ్రం చేయించి, ఫిల్టర్ కొని పెట్టాక ఆ బాధ పోయింది. గ్లవ్ బాక్సు వెనక మీకు ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

గ్యాస్ నిజంగానే తగ్గితే, ముందు లీకు మూయించి, వ్యాక్యూమ్ చేయించి (గొట్టాల్లోని గాలి, తేమ పంపుతో లాగించి), బానెట్ కింద చీటీ మీద రాసి ఉన్నన్ని గ్రాములు తూచి ఎక్కించమనండి. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది. లోపల తేమ మిగిలితే గ్యాస్ సన్నని దారిలోంచి వెళ్లే ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర గడ్డకట్టి, కాసేపు చల్లగా కాసేపు వేడిగా వస్తుంది.

ఎండలో నిలిపిన బండి ఎక్కగానే అద్దాలు దించి వేడి గాలి పోనిస్తాను, తర్వాతే రీసర్క్యులేషన్ నొక్కుతాను. బయటి 45 డిగ్రీల గాలిని చల్లబరచడం కన్నా లోపల చల్లబడిన గాలినే మళ్లీ తిప్పడం ఏసీకి తేలిక.

వెనక సీటుకు వెంట్లు లేవు, మధ్యాహ్నం అమ్మానాన్నలు కూర్చుంటే చల్లదనం చేరడం ఆలస్యం. ఆ లోటుకు నాకు మందు దొరకలేదు. ఈ తరహా పాత కారు కొనేవారు మిట్టమధ్యాహ్నం వెళ్లి, బండిని ఎండలో నిలబెట్టి, ఏసీ వేసి పది నిమిషాలు వెనక సీట్లో కూర్చుని చూడండి.