మేయర్–ఆలెన్ నిబద్ధత ప్రశ్నావళి: ప్రభుత్వ కార్యాలయంలో ఎంతవరకు పనికొస్తుంది?

ఉద్యోగికి సంస్థతో ఉన్న బంధాన్ని కొలవడానికి కెనడా మనస్తత్వవేత్తలు జాన్ మేయర్, నటాలీ ఆలెన్‌ల ప్రశ్నావళిని ఎక్కువమంది వాడతారు. 1990లో 24 వాక్యాలతో వచ్చింది, 1993లో 18 అయింది. మమకారానికి ఆరు, వదిలిపోతే వచ్చే నష్టానికి ఆరు, ఉండి తీరాలన్న బాధ్యతకు ఆరు. ఒక్కోదానికి 1 (అసలు ఒప్పుకోను) నుంచి 7 (పూర్తిగా ఒప్పుకుంటాను) దాకా మార్కు. కార్యాలయానికి ఈ 18 వాక్యాలదే నయం.

మూడింటినీ విడివిడిగా చూపడమే దీని బలం. చాలామంది వాటిని కలిపి ఒకే అంకె చేసి దాన్ని పాడుచేస్తారు. పింఛను, ఉద్యోగ భద్రత ఉన్నచోట ‘నష్టం’ మార్కు పెరగడం సహజం. అది కుర్చీ వదలకపోవడం, పని మీద మనసు కాదు. కలిపేస్తే రోజులు నెట్టుకొస్తున్నవాళ్లు కూడా నిబద్ధులుగా తేలతారు.

నాలుగు వాక్యాలు వ్యతిరేకార్థంలో ఉంటాయి: మమకారంలో మూడు, బాధ్యతలో ఒకటి. వాటి మార్కును 8 నుంచి తీసేయాలి. 2 వేస్తే 6 అన్నమాట. తెలుగులో ‘ఆత్మీయత లేదు’ అన్నదానికి ‘ఒప్పుకోను’ అని టిక్కు పెట్టడంలోనే చాలామంది తికమకపడవచ్చు, కాబట్టి ముందు పదిమందితో నింపించి చూడాలి. ‘సంస్థ’ అంటే శాఖా, ఈ ఆఫీసా అన్నది కూడా పైనే రాయాలి. బదిలీల కొలువులో రెండూ ఒకటి కావు.

అసలు లోటు వేరే ఉంది. తోటివాళ్ల మధ్య నమ్మకం, పరిచయాలు, ఒకే అవగాహన, అంటే సామాజిక మూలధనం గురించి ఇందులో ప్రశ్నే లేదు. మేనేజ్‌మెంట్ పరిశోధకులు నహాపియెట్, ఘోషల్ 1998లో చెప్పిన ఆ మూడు కోణాలకూ వేరే వాక్యాలు చేర్చుకోవాలి. అయితే రెండూ ఒకే పూట ఒకే మనిషిని అడిగితే ఆనాటి మూడ్ రెండింటినీ ఒకేవైపు లాగుతుంది, లేనంత సంబంధం కనిపిస్తుంది. పెద్ద ఆఫీసైతే ప్రతి సెక్షన్‌లో చీటీ తీసి సగంమందిని నమ్మకం గురించి, మిగతా సగాన్ని నిబద్ధత గురించి అడిగి, సెక్షన్ సగటులను పోల్చడం మేలు.

ఫారాలు సెక్షన్ అధికారి చేతికి వెళ్తే అన్నీ 6లూ 7లే వస్తాయి. సీల్డు పెట్టె పెట్టాలి. పదిమంది కూడా లేని సెక్షన్ సగటును విడిగా చూపకూడదు, ఎవరేం రాశారో ఇట్టే తెలిసిపోతుంది.

ఈ ప్రశ్నావళికి నేనిచ్చేది ఐదుకు మూడున్నర. పదోన్నతికో బదిలీకో ఒక్కొక్కరి మార్కు చూస్తామంటే సున్నా.