మిర్చి యార్డులో ఇయర్‌బడ్స్: చెమటకూ దుమ్ముకూ ఆగినవేవి

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. రోజంతా ఫోనే. సరుకు ఎప్పుడు తెమ్మంటారని రైతు అడుగుతాడు, తేజ రకం మిర్చి ఎంత పలికిందని కొనేవాళ్ల మనిషి అడుగుతాడు, కాటా దగ్గర్నుంచి టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క చెబుతుంటారు. రెండు చేతులకూ పని ఉంటుంది కాబట్టి కోవిడ్ తర్వాత నుంచీ చెవుల్లో బడ్స్ పెట్టుకునే తిరుగుతున్నాను. పొద్దున్నే ఎన్టీఆర్ స్టేడియంలో నడకకు వెళ్లినప్పుడూ అవే. పాట ఎలా వినిపిస్తుందన్నది ఇక్కడ పెద్దగా రాయను. అది చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. చెమట, దుమ్ము, వాన, ఎండ వీటికి ఏది ఎన్నాళ్లు ఆగింది అన్నదే నా లెక్క.

చెడిపోయిన జతల కంపెనీ పేర్లు మాత్రం చెప్పను. ఒక్క జతను చూసి కంపెనీ మొత్తాన్ని తిట్టడం న్యాయం కాదు. పైగా నా దగ్గర పోయిన మోడలే పక్క కొట్టు కుర్రాడి చెవుల్లో ఇప్పటికీ భేషుగ్గా మోగుతోంది.

షాపులో అడిగితే ‘వాటర్‌ప్రూఫే సార్’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. పెట్టె మీద ఐపీ అని ఉండి, దాని పక్కన రెండు స్థానాలు ఉంటాయి. మొదటిది దుమ్ముకు, రెండోది నీళ్లకు. ఐపీఎక్స్4 అంటే ఏ వైపు నుంచి నీళ్లు చిమ్మినా తట్టుకుంటుందని. 5 అయితే 6.3 మిల్లీమీటర్ల గొట్టంలోంచి నిమిషానికి 12.5 లీటర్ల చొప్పున కొట్టే నీటికి ఆగాలి. 7 అంటే మీటరు లోతులో 30 నిమిషాలు మునిగినా లోపలికి నీళ్లు పోకూడదు. 7 ఉంది కదా, 5 అందులోనే వచ్చేస్తుందనుకుంటాం. రాదు. మునగడం వేరు, ధారగా కొట్టడం వేరు. రెండూ పాసైతే కంపెనీ రెండూ రాసుకుంటుంది. అందుకే ఏడు రేటింగ్ ఉన్నదాన్ని కూడా కుళాయి కింద పెట్టి కడగబోకండి.

ఇక ఆ ఎక్స్ సంగతి. దుమ్ము గురించి ఈ రేటింగ్ ఏమీ చెప్పడం లేదని దానర్థం. ఊళ్లో ఏసీ ఆఫీసులో పనిచేసేవాళ్లకు దాంతో పనిలేదు. యార్డులో దిగేవాడు మొదట చూడాల్సింది అదే.

ఇందులో ధరకూ అంకెకూ పొంతన ఉండదు. బోట్ ఎయిర్‌డోప్స్ 141 ఐపీఎక్స్4, దానికి ఎన్నో రెట్లు ధర పలికే సోనీ డబ్ల్యూఎఫ్-1000ఎక్స్ఎం5 కూడా ఐపీఎక్స్4. శాంసంగ్‌లో బడ్స్2 ప్రో ఐపీఎక్స్7 అయితే, బడ్స్ ఎఫ్ఈ ఐపీఎక్స్2 మాత్రమే. వన్‌ప్లస్ నార్డ్ బడ్స్ తక్కువ ధరలోనే ఐపీ55 ఇచ్చింది. యాపిల్ ఎయిర్‌పాడ్స్ ప్రో 2 కూడా 2022లో వచ్చినప్పుడు ఐపీఎక్స్4 తోనే వచ్చింది. 2023లో యూఎస్‌బీ-సీ డబ్బాతో వచ్చినదానికి ఐపీ54 ఇచ్చారు. 2024లో శాంసంగ్ బడ్స్3కి, 2025లో ఎయిర్‌పాడ్స్ ప్రో 3కి ఐపీ57 వచ్చింది. పెద్ద కంపెనీలు కూడా మెల్లగా దుమ్ము అంకె దగ్గరకు వస్తున్నాయన్నమాట.

నా మొదటి జత ఐపీఎక్స్4, చవకరకం. స్టేడియంలో చెమటనూ చిన్న జల్లులనూ అది ఏమాత్రం లెక్కచేయలేదు. ఫిబ్రవరిలో యార్డుకు సరుకు పోటెత్తడం మొదలయ్యాక దాని కష్టాలు మొదలయ్యాయి. టిక్కీ విప్పి శాంపిల్ తీసినప్పుడల్లా ఎర్రటి దుమ్ము లేస్తుంది. అలవాటు లేనివాళ్లు అక్కడ రెండు నిమిషాలు నిలబడినా తుమ్ములు ఆగవు. ఆ దుమ్ము మట్టి దుమ్ములా దులిపితే పోయే రకం కాదు. మిరపకాయలో నూనెగుణం ఉంటుంది కదా, చెవిలోని గుబిలితో కలిసి బడ్ మూతికి ఉండే సన్నజాలీకి జిగురులా పట్టేస్తుంది. ముందు కుడివైపు శబ్దం తగ్గింది. తర్వాత మైకు రంధ్రం పూడుకుని, అవతలివాళ్లు ‘బావిలోంచి మాట్లాడుతున్నావేంటి?’ అనడం మొదలుపెట్టారు. ల్యాబులో దుమ్ము పరీక్షకు వాడేది టాల్కం పొడి. మన మిర్చిపొడిని ఏ ల్యాబులోనూ వాడరు కాబట్టి, దుమ్ము స్థానంలో 5 అన్నది కూడా ఇక్కడ భరోసాలో సగమే. అసలు 5 అంటేనే దుమ్ము కొంచెం లోపలికి పోవచ్చుగానీ పనికి అడ్డం రాదని. అస్సలు పోకూడదంటే 6 ఉండాలి.

సందర్భం వచ్చింది కాబట్టి ఇంకో మాట. కాయలు ముట్టుకున్న చేత్తో బడ్స్ తీసి పెట్టుకుంటే చెవి ఎలా మండుతుందో పగవాడికి కూడా చెప్పలేం. ఆ ఘాటు నీళ్లతో కడిగితే పోదు. సబ్బుతోనే పోతుంది. సిలికాన్ టిప్పులు ఊడదీసి సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక తొడగాలి. బడ్‌కు మాత్రం మెత్తని పొడి బ్రష్ చాలు, జాలీ కిందికి తిప్పి పట్టుకుని దులపాలి. పిన్నుతో గుచ్చితే జాలీ చిరిగిపోతుంది, ఆ తర్వాత ఏ రేటింగూ కాపాడదు.

రెండో జత నేను నడకకోసం తీసుకున్నది. యార్డుకు తీసుకెళ్లలేదు. దీన్ని చంపింది ఉప్పు. ఈ పరీక్షలన్నీ మామూలు నీళ్లతో, కొత్త వస్తువు మీద చేస్తారు. చెమటలో ఉప్పుంటుంది. చెమట తడి ఆరకుండానే డబ్బాలో పెట్టి మూత వేస్తే చార్జింగ్ మొదలవుతుంది. ఉప్పునీళ్లు, లోహం, కరెంటు మూడూ ఒకచోట చేరితే తుప్పు ఎంత వేగంగా వస్తుందో చెప్పక్కర్లేదు. చార్జింగ్ పిన్నుల మీద పచ్చగా, తర్వాత నల్లగా పొర కట్టింది. ఎడమది ఒకరోజు చార్జ్ అయ్యేది, ఒకరోజు అయ్యేది కాదు. చివరికి పూర్తిగా మొరాయించింది. సర్వీస్ సెంటర్లో తేమ ఆనవాళ్లు ఉన్నాయి, వారంటీ వర్తించదన్నారు. వాటర్ రెసిస్టెంట్ అని పెట్టె మీద రాసి, తడి కనిపిస్తే వారంటీ లేదనడం నాకైతే మింగుడుపడలేదు. కానీ చాలా కంపెనీల కాగితాల్లో అదే రాసుంటుంది, కొనేముందు చదువుకోండి. జాబ్రా వాళ్లు కొన్ని ఎలైట్ మోడళ్లకు దుమ్ము, నీళ్ల మీద కూడా రెండేళ్ల వారంటీ ఇచ్చేవారు. 2024లో ఆ ఎలైట్ బడ్స్ తయారీ ఆపేస్తున్నామని ప్రకటించారు. మనకు పనికొచ్చేవే ముందు పోతాయి మరి.

చెమటతో ఇంకో తలనొప్పి టచ్. చుక్క జారి బడ్ మీద పడితే అది వేలు అనుకుంటుంది. రేటు కుదిరేవేళ కాల్ కట్ అయితే అవతలి సేటు మనమే కట్ చేశామనుకుంటాడు. ఇది పాడవడం కాదు, సెట్టింగే. యాప్‌లో సింగిల్ ట్యాప్ ఆపేస్తే తగ్గిపోతుంది. యాప్ లేని చవక జతల్లో ఆ అవకాశం ఉండదు.

ఇప్పుడు వాడుతున్నది వన్‌ప్లస్ నార్డ్ బడ్స్. ఇది యార్డుకూ వస్తోంది, వానలో బండి మీదా వస్తోంది. ఒకటికి రెండు మిర్చి సీజన్లు చూసేసింది. జాలీ మూసుకుపోలేదని కాదు, శుభ్రం చేస్తే మళ్లీ పాత గొంతు వస్తోంది. పిన్నులు మెరుస్తూనే ఉన్నాయి. ఇందులో నా జాగ్రత్త కూడా ఉంది: నడక అయ్యాక పొడిబట్టతో తుడిచి, కాసేపు బయటే ఆరనిచ్చి అప్పుడు డబ్బాలో పెడతాను. నెలకోసారి మొబైల్ రిపేర్ వాళ్లు వాడే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) లిక్విడ్‌లో దూది పుల్ల ముంచి పిన్నులు తుడుస్తాను. బియ్యంలో పెట్టే వైద్యం మాత్రం చేయను, ఆ నూకా పొట్టూ పోయి రంధ్రాల్లోనే కూర్చుంటాయి.

డబ్బా గురించి ఎవరూ అడగరు. బడ్స్‌కు ఉన్న రేటింగ్ చాలా మోడళ్లలో డబ్బాకు ఉండదు. మా బావమరిది ఏడు రేటింగ్ ఉన్న ఖరీదైన జత చొక్కా జేబులో డబ్బాతో సహా వాషింగ్ మెషీన్‌లోకి వెళ్లింది. బడ్స్ బతికాయి, డబ్బా పోయింది. డబ్బా లేకపోతే వాటిని చార్జ్ చేసే దారే లేదు. విడిగా డబ్బా ధర అడిగితే, ఇంకొంచెం వేస్తే కొత్త జతే వస్తుంది. యాపిల్ డబ్బాకూ రేటింగ్ ఇస్తోంది. వన్‌ప్లస్ బడ్స్ ప్రో డబ్బాకు ఐపీఎక్స్4 ఉంది. నా నార్డ్ బడ్స్ డబ్బాకు లేదు, అందుకే వానాకాలంలో అది జిప్ కవర్లో ఉంటుంది.

ఎండ గురించి ఏ ఐపీ అంకె చెప్పదు. ఎయిర్‌పాడ్స్‌ను 35 డిగ్రీల లోపు వాడమని, 45 దాటిన చోట ఉంచవద్దని యాపిల్ చెబుతుంది. మే నెలలో ఎండలో నిలబెట్టిన బండి డిక్కీలో అంతకంటే ఎక్కువే ఉంటుంది. వేలిగోరంత బ్యాటరీలు, ఆ వేడికి తొందరగా ముసలివైపోతాయి. నా జతలో కాల్స్‌కు ఎక్కువ వాడే ఎడమ బడ్ ఇప్పుడు కుడిదానికంటే బాగా ముందే ఖాళీ అవుతోంది. ఒక్కో దాన్ని మార్చి మార్చి వాడుతూ నెట్టుకొస్తున్నాను.

తర్వాతిది కొనేటప్పుడు ఐపీ55కు తగ్గను. డబ్బాకు కనీసం ఎక్స్4 ఉండాలి, యాప్‌లో టచ్ ఆపే వీలుండాలి. స్టేడియం వరకే అయితే మంచి ఐపీఎక్స్4 చాలు, ఏడు కోసం అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు. ఈత కొడుతూ పాటలు విందామనుకునేవాళ్లు మాత్రం ఆశ వదులుకోండి. బడ్ మునిగినా బతకొచ్చుగానీ, బ్లూటూత్ సిగ్నల్ నీళ్లలో కాస్త దూరం కూడా రాదు.