హైపేషియా: ఉపగ్రహాల మధ్య మారిపోయే దారులను చూపే సిమ్యులేటర్

భూమికి 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం సెకనుకు దాదాపు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో సాగిపోతుంది కాబట్టి, నేల మీది కేంద్రానికి అది కొద్ది నిమిషాలే అందుబాటులో ఉంటుంది. అలాంటి నెట్‌వర్క్‌లో ఇప్పుడు అతి దగ్గరిదైన దారి కాసేపటికి దారే కాకుండా పోతుంది. నేల మీది కేబుళ్లతోనే రౌటింగ్ (డేటా వెళ్లే దారిని ఎంచడం) నేర్చుకున్న నాకు ఈ సంగతిని కళ్లకు కట్టించినది, స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ పరిశోధకులు 2020లో ఉచితంగా విడుదల చేసిన హైపేషియా అనే సిమ్యులేటర్.

స్పేస్‌ఎక్స్ వారి ఉపగ్రహ ఇంటర్నెట్ స్టార్‌లింక్ తొలి అంచెకు అనుకున్న 72 కక్ష్యలు, కక్ష్యకు 22 చొప్పున 1,584 ఉపగ్రహాల అమరిక ఇందులో సిద్ధంగా ఉంటుంది. అమెజాన్ వారి కైపర్, కెనడా సంస్థ టెలిశాట్ అమరికలూ ఉన్నాయి. ప్రతి ఉపగ్రహానికీ తన కక్ష్యలో ముందూ వెనుకా ఉన్న రెండింటితో, ఇరుపక్కల కక్ష్యలలోని రెండింటితో లింకులుంటాయి. ఏది ఎప్పుడు ఎక్కడుంటుందో ముందే లెక్కకట్టవచ్చు గనుక, 100 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున రౌటింగ్ పట్టికలను తయారుచేసి పెట్టుకొని, ఆ తరువాతే హైపేషియా ఎన్ఎస్-3 అనే నెట్‌వర్క్ సిమ్యులేటర్‌లో ప్యాకెట్లను (డేటా ముక్కలను) నడిపిస్తుంది. లింకు తెగాక కొత్త దారి వెతుక్కోవడమే రౌటింగ్ అన్న మన పాత అలవాటును ఇది మాన్పిస్తుంది. నా దృష్టిలో దీని అసలు విలువ అదే.

రియో డి జనీరో నుంచి సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు 200 సెకన్లు పింగ్ (జవాబు కోరే చిన్న ప్యాకెట్లు) నడిపి, ప్యాకెట్ వెళ్లి జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం, అంటే ఆర్‌టీటీ గ్రాఫ్ తీయండి. ఎక్కడా రద్దీ లేకపోయినా, దారి మారినప్పుడల్లా గీత ఉన్నట్టుండి పైకో కిందికో జరుగుతుంది. పెరిగిన ఆ ఆలస్యాన్నే రద్దీ అనుకొని, టీసీపీ (డేటాను నమ్మకంగా చేర్చే పద్ధతి) రకాల్లో ఒకటైన వేగస్ వేగం తగ్గించేసుకుంటుంది. దారి హఠాత్తుగా దగ్గరైనప్పుడు వెనుక బయలుదేరిన ప్యాకెట్లు ముందువాటిని దాటి చేరుతాయి. వరుస తప్పిన వాటిని పోయినవిగా లెక్కించి న్యూరెనో అనే మరో రకం టీసీపీ కూడా వేగాన్ని సగానికి కోస్తుంది. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా ఇంత స్పష్టంగా బోధపడలేదు.

అయితే హైపేషియా అతి తక్కువ దూరపు దారినే ఎంచుతుంది. ఆ దారి కిక్కిరిసినా, పక్కనే మరొకటి ఖాళీగా ఉన్నా ట్రాఫిక్‌ను పంచదు. వర్షం వల్ల సిగ్నల్ బలహీనపడటం లెక్కలోకి రాదు. ప్యాకెట్ ప్యాకెట్‌నూ అనుకరిస్తుంది కాబట్టి ట్రాఫిక్ పెంచేకొద్దీ గంటల తరబడి వేచి ఉండాలి. పైథాన్, ఎన్ఎస్-3 పరిచయం లేనివారు మొదట ఒకే జంట నగరాలతో, పింగ్‌తో ప్రారంభించి, ఆ దారిని సీజియం అనే త్రీడీ గ్లోబు మీద చూశాకే టీసీపీ జోలికి వెళ్లడం మంచిది.